ఫాంటమ్ పెయిన్ లో దొరక్కుండా ఆడటం ఎలా, కథ చేజారకుండా ఆడటం ఎలా

శత్రువుల కంట పడకుండా దూరి పని చేసే వీడియో గేమ్ మెటల్ గేర్ సాలిడ్ 5: ది ఫాంటమ్ పెయిన్ మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా చెప్పే కంప్లైంట్లు రెండు. ఒకటి, ఎంత జాగ్రత్తగా వెళ్ళినా గార్డులు చూసేస్తున్నారు అని, రెండోది, ఇంతకీ ఇందులో కథ ఎక్కడుంది, ఊరికే గుర్రం ఎక్కి కొండల్లో తిరగడమేనా అని. నా లెక్కలో ఈ రెండిటికీ మందు ఒకటే. ఆగి చూసేవాళ్ళకి, చెవి పెట్టి వినేవాళ్ళకి ఈ గేమ్ లోపలికి దారి ఇస్తుంది, కథ కూడా వాళ్ళకే చెప్తుంది, పరిగెత్తేవాళ్ళకి రెండూ దొరకవు. అందుకే ఎలా దూరాలో, కథ ఎలా పట్టుకోవాలో రెండూ కలిపి ఒకే వరసలో చెప్తున్నా. పెద్ద ట్విస్టులు ఏవీ బయటపెట్టను, కొత్తగా ఆడేవాళ్ళు ధైర్యంగా చదవొచ్చు.

మొదలుపెట్టే ముందు

ముందు గ్రౌండ్ జీరోస్ ఆడండి. 2014 లో వచ్చిన చిన్న గేమ్ అది, 1975 లో క్యూబాలో ఉన్న ఒక అమెరికన్ క్యాంపులోకి రాత్రిపూట వానలో దూరి ఇద్దరిని బయటికి తేవాలి, మెయిన్ మిషన్ ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. దాన్ని వదిలేసి నేరుగా 2015 గేమ్ లోకి వస్తే మీ పాత సహచరుడు మిల్లర్ ఎందుకు అంత కసిగా ఉన్నాడో, మీరు నడిపే డైమండ్ డాగ్స్ అనే సైనికుల గుంపు ఎందుకు పుట్టిందో మనసుకి ఎక్కదు. 2016 లో వచ్చిన డెఫినిటివ్ ఎక్స్‌పీరియన్స్ ఎడిషన్ లో రెండూ కలిపి ఉంటాయి, కొనేవాళ్ళు అది చూస్కోండి. ఇంకో లాభం ఏంటంటే అంత పెద్ద మ్యాప్ లోకి వచ్చే ముందు ఒకే ఒక్క క్యాంపులో పాకడం, దాక్కోవడం, సెర్చ్‌లైట్ తప్పించుకోవడం చేతికి అలవాటైపోతుంది.

తర్వాత ఫాంటమ్ పెయిన్ పెట్టగానే సైప్రస్ హాస్పిటల్. తొమ్మిదేళ్ళ కోమా నుంచి లేస్తారు, అంటే 1984. ఇక్కడ చాలామందికి విసుగొస్తుంది, ఎందుకంటే నడవలేరు, పాకాలి, తుపాకీ ఉండదు, ఎవరో కట్లు కట్టుకున్న మనిషి దారి చూపిస్తుంటాడు, కెమెరా కట్ అవ్వకుండా అలా వెంట తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ పక్కన పెట్టి ఈ భాగం పూర్తి శ్రద్ధతో చూడండి, ఎవరు ఎప్పుడు ఏం అన్నారో గుర్తుపెట్టుకోండి, గేమ్ చివర్లో దీనితో చాలా పనుంది. మధ్యలో మొహం తయారు చేసుకోమంటుంది, పేరు అడుగుతుంది, పుట్టినరోజు అడుగుతుంది. ఏదో ఒకటి కొట్టేయకుండా మీ పేరు, మీ అసలు పుట్టినరోజే ఇవ్వండి, ఆ తేదీన సముద్రంలో ఉన్న మీ స్థావరం మదర్ బేస్ కి వెళ్తే ఏం జరుగుతుందో మీరే చూస్తారు.

మొదటి మిషన్ ని స్కూల్ లా వాడుకోండి

హాస్పిటల్ అయ్యాక ఆఫ్ఘనిస్తాన్. సోవియట్ సైన్యం 1979 డిసెంబర్ లో అక్కడికి దిగింది, 1989 ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది, మనం వెళ్ళేది సరిగ్గా ఆ మధ్యలో. మీకు తోడుగా ఉండే ఓసెలాట్ మిమ్మల్ని కొండ మీద దించి మిల్లర్ ని మూడు రోజుల్లో తీసుకురమ్మంటాడు. ఇది గేమ్ లోపలి మూడు రోజులు, నిజం టైమ్ కాదు, కంగారు పడొద్దు.

ముందు దా వియాలో కల్లాయ్ అనే ఊళ్ళోకి వెళ్తే మిల్లర్ ఎక్కడున్నాడో సమాచారం దొరుకుతుంది, తర్వాత దా ఘ్వాండాయ్ ఖార్ లో అతన్ని వెతికి భుజాన వేసుకుని బయటికి రావాలి. ఊళ్ళోకి దిగేముందు ఒక్క నిమిషం గుట్ట మీదే ఆగి చూడండి. ఇళ్ళున్నాయి, గోడలున్నాయి, ఊరి మనుషులు మాత్రం ఒక్కరు కూడా లేరు, ఉన్నదంతా సోవియట్ సైనికులే. ఎటైనా తిరగగలిగే ఓపెన్ వరల్డ్ లో జనం లేరేంటి, ఖాళీగా ఉంది అని చాలామంది తీసిపారేస్తారు గానీ ఆ యుద్ధంలో లక్షల మంది ఆఫ్ఘన్లు ఊళ్ళు వదిలి పాకిస్తాన్ కి, ఇరాన్ కి వెళ్ళిపోయారు అన్నది నిజం, అది తెలిసి చూస్తే ఆ ఖాళీ ఇళ్ళు వేరేగా కనిపిస్తాయి.

మిల్లర్ ని తీసుకుని వచ్చేటప్పుడు పొగమంచు కమ్మి స్కల్స్ అనే నలుగురు వస్తారు. ఈ దశలో వాళ్ళతో కొట్లాడే సత్తా మీ దగ్గర ఉండదు, ఆ అవసరం కూడా లేదు. గుర్రానికి ఈల వేయండి, మిల్లర్ ని ఎక్కించండి, హెలికాప్టర్ దిగే చోటుకి పారిపోండి. అందర్నీ చంపక్కర్లేదు అని గేమ్ మీకు నేర్పే మొదటి పాఠం ఇదే.

ఏ పోస్ట్ అయినా సరే, ముందు దూరం నుంచి చూడండి

ఇక అసలు పని. ఏ క్యాంప్ కైనా కనీసం వంద, నూటయాభై మీటర్ల దూరంలో గుర్రం దిగిపోండి, కాస్త ఎత్తైన చోటు చూసి పడుకుని బైనాక్యులర్ తీయండి. గార్డు మీద పెట్టగానే మార్క్ పడుతుంది, ఇక అతను గోడ వెనక్కి వెళ్ళినా కనిపిస్తూనే ఉంటాడు. ఒక వైపు నుంచి చూసి సరిపెట్టుకోకండి, ఇళ్ళ వెనకాల ఎప్పుడూ ఒకరిద్దరు మిగిలిపోతారు, వాళ్ళే తర్వాత కొంప ముంచేది. పక్కకి జరిగి ఇంకో కోణం నుంచి మళ్ళీ చూడండి.

మనుషుల తర్వాత వస్తువులు చూడండి. మూడింటి కోసం వెతకాలి: బయటికి కబురు పంపే రేడియో పరికరాలు, కరెంట్ బాక్స్, గాల్లోకి చూసే రాడార్. రేడియో పగిలితే ఆ పోస్ట్ వాళ్ళు పక్క పోస్టుల్ని సాయం పిలవలేరు. కరెంట్ తీసేస్తే రాత్రిపూట లైట్లు, కెమెరాలు పోతాయి, కాకపోతే ఏమైందో చూద్దామని ఒకడు ఆ బాక్స్ దగ్గరికి వస్తాడు, వాణ్ణి అక్కడే పట్టుకోవచ్చు కాబట్టి అదీ లాభమే. రాడార్ పోతే మీ హెలికాప్టర్ ఆ క్యాంప్ దగ్గరికే రాగలదు, అప్పుడు బయటపడే దారి సగానికి సగం తగ్గిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోని విషయం, బైనాక్యులర్ లో మైక్ కూడా ఉంది. ఇద్దరు గార్డులు నిలబడి మాట్లాడుకుంటుంటే వాళ్ళ మీద పెట్టి అలాగే ఉంచండి. ఖైదీని ఎక్కడ పెట్టారు, ఎవరు వస్తున్నారు, కొత్త ఆర్డర్ ఏంటి, ఇలాంటివి వాళ్ళ మాటల్లోనే వస్తాయి, కొన్నిసార్లు ఆ మాటల వల్లే మ్యాప్ మీద కొత్త గుర్తు పడుతుంది. వాళ్ళ ముచ్చట మధ్యలో తుపాకీ పేల్చేస్తే ఆ ముక్క మీకు ఇక తెలియదు. సగం కథ ఇలా పోగొట్టుకుని తర్వాత కథ లేదు అంటారు.

టైమ్ మీ చేతిలోనే ఉంది

ఫాంటమ్ సిగార్ అనే వస్తువు మొదటి నుంచీ ఉంటుంది. వెలిగిస్తే టైమ్ గిర్రున తిరుగుతుంది. పొద్దున ఆరుకి, సాయంత్రం ఆరుకి గార్డుల షిఫ్ట్ మారుతుంది, ఆ కాసేపు ఎవరి చోటులో వాళ్ళు ఉండరు, నడుస్తూ ఉంటారు, దూరడానికి మంచి సందు. మామూలుగా రాత్రే మేలు, చీకట్లో వాళ్ళకి మీరు కనిపించే దూరం బాగా తగ్గిపోతుంది, కానీ వాళ్ళలో కొందరు నిద్రపోతుంటారు కాబట్టి మెలకువగా ఉన్నవాళ్ళు ఎందరు అన్నది మళ్ళీ లెక్క చూస్కోవాలి.

వాతావరణం ఇంకా గొప్ప ఆయుధం. ఆఫ్ఘనిస్తాన్ లో ఇసుక తుఫాను వస్తోందని రేడియోలో చెప్పగానే చేస్తున్న పని ఆపేసి క్యాంప్ అంచుకి చేరిపోండి. తుఫానులో గార్డులకి మూడడుగుల అవతల కూడా సరిగా కనపడదు, మీకూ కనపడదు, కానీ మీరు ముందే మార్క్ చేసి పెట్టుకున్నారు కదా. వానపడితే మీ అడుగుల చప్పుడు వాళ్ళకి వినపడదు. ఇలా ఒక తుఫాను సాయంతో క్యాంప్ మధ్యలోంచి ఖైదీని భుజాన వేసుకుని నడిచి వచ్చేయడం ఉంది చూశారూ, ఏ కట్‌సీన్ కీ తీసిపోదు.

లోపలికి వెళ్ళాక

గార్డుకి మీ మీద అనుమానం రాగానే స్క్రీన్ మీద ఆ దిక్కున తెల్లటి వంపు ఒకటి పెరుగుతుంది. అది కనపడగానే పరిగెత్తకూడదు. ఉన్నచోటే పడుకుని కదలకుండా ఉండిపోతే చాలాసార్లు వాడు గాలేమో అనుకుని తిరిగిపోతాడు. పరుగు చప్పుడు దూరం వెళ్తుంది, వంగి నడక తక్కువ, పాకుడు ఇంకా తక్కువ, ఈ మూడింట్లో ఎప్పుడు ఏది అన్నది కాళ్ళకి రావాలి.

ఒక చిన్న సీన్ దగ్గర్నుంచి చూద్దాం. గేటు దగ్గర ఇద్దరు. ఒకడు ఇసుక బస్తాల వెనక కదలకుండా నిలబడ్డాడు, రెండోవాడు అటూ ఇటూ నడుస్తున్నాడు. అందరి చెయ్యీ ముందు నిలబడ్డవాడి మీదకే పోతుంది, తేలిక కదా అని. తప్పు అదే. నిలబడ్డవాణ్ణి పడగొడితే నడిచేవాడు ఇటు తిరగ్గానే చూస్తాడు, రేడియో తీస్తాడు, ఇక అయిపోయింది. కాబట్టి ముందు నడిచేవాడు. వాడు దూరం చివరకి వెళ్ళినప్పుడు ఖాళీ మేగజీన్ ఒకటి గోడ అవతలకి విసరండి, ఇవి అయిపోవు, ఎన్నైనా విసరొచ్చు. ఠక్ మన్న చప్పుడికి వాడు ఏంటా అని ఆ పక్కకి వస్తాడు, అక్కడ నిలబడ్డవాడి చూపు ఆనదు. వెనక నుంచి మెడ పట్టండి. వెంటనే పడుకోబెట్టేయకుండా ముందు ప్రశ్న అడగండి, మిగతావాళ్ళు ఎక్కడున్నారు అని. వాడు నోరు విప్పితే మ్యాప్ మీద చుక్కలు పడతాయి. అప్పుడు వాణ్ణి నిద్రపుచ్చి, తిరిగొచ్చి, నిలబడ్డవాడి తలకి ఒక్క మత్తు బుల్లెట్.

మత్తు పిస్టల్ గురించి మూడు మాటలు. తలకి తగిలితే అక్కడికక్కడే పడతాడు, ఒంటికి తగిలితే కాసేపు పడుతుంది, ఆ కాసేపట్లో అరుస్తాడు. సైలెన్సర్ అరుగుతుంది, దాని గీత చూస్తూ ఉండండి, సగం దారిలో పగిలిపోతే తర్వాత పేలే ప్రతి బుల్లెట్ క్యాంప్ మొత్తానికి వినపడుతుంది. నిద్రపోయినవాడు కొంతసేపటికి లేస్తాడు, లేదా ఇంకొకడు వచ్చి తన్ని లేపుతాడు, అందుకని దారి మీద వదలకుండా గడ్డిలోకో గదిలోకో ఈడ్చేయండి. దానికంటే నాకు నచ్చిన పద్ధతి హోల్డ్-అప్, వెనక నుంచి తుపాకీ గురిపెట్టి చేతులెత్తించి నేల మీద పడుకోమనడం. ఇంకెవరూ చూడనంతసేపు అలాగే పడి ఉంటాడు, బుల్లెట్ ఖర్చు లేదు, సైలెన్సర్ అరగదు.

గార్డులు రేడియోలో ఏం చెప్పుకుంటున్నారో కూడా వినండి. ఒకడు ఏదో చూశానని కమాండ్ పోస్ట్ కి చెప్తున్నప్పుడు మధ్యలో పడగొట్టారనుకోండి, అవతలివాడు హలో హలో అని పిలిచి జవాబు రాకపోతే అనుమానం పడతాడు, మనుషుల్ని పంపుతాడు. వాడి మాట పూర్తయ్యేదాకా ఆగితే చాలు.

ఇంకోటి, మొదట్లో మెడ పట్టి అడిగినా గార్డు రష్యన్ లో ఏదో అంటాడు, మీకు ముక్క అర్థం కాదు. బగ్ కాదది. రష్యన్ వచ్చిన ఇంటర్‌ప్రెటర్ ని పట్టుకుని మదర్ బేస్ కి పంపే సైడ్ ఆప్, అంటే చిన్న పక్క మిషన్, ఒకటి ఉంది, దాన్ని అన్నిటికంటే ముందు చేసేయండి. తర్వాత పష్తో, ఆఫ్రికా వెళ్ళాక ఆఫ్రికాన్స్, కికోంగో, ఇలా ఒక్కో భాషకీ ఒక్కో మనిషి కావాలి. గేమ్ డిజైన్ లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. భాష తెలియకపోతే పక్కనున్న మనిషి కూడా అందడు అన్నది మీ చేతే చేయించి, తర్వాత కథ మొత్తం భాష చుట్టూనే తిప్పుతారు.

ఫుల్టన్

రెండో మిషన్ లో బెలూన్ కట్టి మనుషుల్ని గాల్లోకి లేపే ఫుల్టన్ ఇస్తారు. నిద్రపోయిన గార్డుకి కట్టేస్తే మదర్ బేస్ కి వెళ్ళి మీ మనిషైపోతాడు. అందరికీ కట్టేయాలనిపిస్తుంది, కానీ బెలూన్ పైకి లేచేటప్పుడు మనిషి కేక పెడతాడు, దగ్గర్లో ఉన్నవాడికి వినపడుతుంది, కనపడుతుంది, బెలూన్ ని కాల్చేస్తాడు కూడా. చుట్టూ ఎవరూ లేనప్పుడే కట్టండి. గాలివాన ఉన్నా, మనిషి గాయపడి ఉన్నా బతికి చేరే అవకాశం తగ్గుతుంది, అంకె చూపిస్తుంది, చూసి నొక్కండి. బైనాక్యులర్ ని అప్‌గ్రేడ్ చేస్తే ఎవడికి ఏ పని బాగా వచ్చో ముందే తెలుస్తుంది, అది వచ్చాక కనపడిన ప్రతివాణ్ణీ పంపక్కర్లేదు.

చంపమన్న టార్గెట్ ని కూడా చాలాసార్లు చంపక్కర్లేదు. మూడో మిషన్ లో షాగో ఊళ్ళో సోవియట్ ప్రత్యేక దళమైన స్పెట్స్‌నాజ్ కమాండర్ ని లేపేయమంటారు, వాణ్ణి నిద్రపుచ్చి బెలూన్ కట్టినా మిషన్ పూర్తవుతుంది, పైగా బోనస్. నాలుగో మిషన్ లో కమ్యూనికేషన్ పోస్ట్ ని పాడుచేయాలి, లోపల గదిలోకి దూరి పరికరం పేల్చొచ్చు, లేదంటే బయటి యాంటెన్నాలు పడగొట్టొచ్చు. మిషన్ లో ఏం చేయాలో చెప్తారు గానీ ఎలా చేయాలో చెప్పరు, ఆ ఖాళీలోనే మీ ఆట ఉంది.

దొరికిపోతే రీస్టార్ట్ నొక్కకండి

ఇది నేను గట్టిగా చెప్పే మాట. గార్డు చూడగానే రిఫ్లెక్స్ మోడ్ వస్తుంది, కొన్ని క్షణాలు అంతా నెమ్మదిస్తుంది, ఆ లోపు వాడి తలకి మత్తు బుల్లెట్ దించితే ఎవరికీ తెలియదు. అది తప్పితే అలర్ట్. అప్పుడు అందరి చెయ్యీ పాజ్ మెనూ మీదకి పోతుంది, చెక్‌పాయింట్ నుంచి మళ్ళీ మొదలెడదాం అని. వద్దు. మీరు ముందే రేడియో పగలగొట్టి ఉంటే బయటి నుంచి ఎవరూ రారు, ఉన్నవాళ్ళతోనే తేల్చుకోవచ్చు. వాళ్ళు మిమ్మల్ని చివరిసారి ఎక్కడ చూశారో అక్కడికే వస్తారు. కాబట్టి పొగ బాంబు వేసి, గోడ చాటుకి వెళ్ళి, అక్కడి నుంచి పక్కకి జారిపోయి పూర్తిగా ఇంకో వైపు నుంచి రండి, వాళ్ళంతా ఖాళీ చోటు చుట్టూ వెతుకుతుంటే మీ టార్గెట్ దగ్గర కాపలా పలచబడుతుంది. చెత్త డబ్బాలో దాక్కోవచ్చు, టాయిలెట్ లో దాక్కోవచ్చు, టాయిలెట్ లో కడుపు పాడైన శబ్దం ఉన్న క్యాసెట్ పెడితే తలుపు దాకా వచ్చిన గార్డు కూడా వెనక్కి పోతాడు, నిజంగా పనిచేస్తుంది. అట్టపెట్టె సంగతి తెలిసిందే, దాంట్లో ఇంకో ఉపయోగం కూడా ఉంది, పోస్టుల్లో గోడకి అంటించిన ఇన్‌వాయిస్ లు తీసి పెట్టుకుంటే డెలివరీ స్థలంలో పెట్టెలో కూర్చుని ఇంకో క్యాంప్ కి పార్సిల్ లా వెళ్ళిపోవచ్చు.

ప్లాన్ చెడిపోయి, చేతికి దొరికినదాంతో బయటపడిన మిషన్లే తర్వాత ఫ్రెండ్స్ కి చెప్పుకుంటారు. అన్నీ సాఫీగా పోయినవి మర్చిపోతారు. ఓపెన్ వరల్డ్ లో కథ అంటే కొంత ఇదే కదా. చెయ్యి తిరిగాక సెట్టింగ్స్ లో రిఫ్లెక్స్ ని, మార్కర్లని ఆఫ్ చేసి ఒక్క మిషన్ ఆడి చూడండి, బైనాక్యులర్ లో చూసినదంతా మీరే గుర్తుపెట్టుకోవాలి, అప్పుడు ఆ క్యాంప్ లో ప్రతి గోడా మీకు తెలుస్తుంది.

శత్రువు కూడా నేర్చుకుంటాడు

తలకే కాలుస్తూ పోతే కొన్నాళ్ళకి హెల్మెట్లు వస్తాయి. ఎప్పుడూ రాత్రే వెళ్తే నైట్ విజన్ వస్తుంది. మత్తు గ్యాస్ వాడితే గ్యాస్ మాస్కులు. మీ అలవాటుని చూసి వాళ్ళు మారతారు. దీనికి రెండు దారులు, ఒకటి పద్ధతి మార్చడం, నాలుగు మిషన్లు చేతులతోనే, రెండు పగటిపూట, ఇలా. రెండోది కంబాట్ డిప్లాయ్‌మెంట్, మీ మనుషుల్ని పంపి ఆ హెల్మెట్ల సప్లైనే కొంతకాలం ఆపించేయడం. లిస్టులో ఏ మిషన్ దేన్ని ఆపుతుందో రాసి ఉంటుంది, పంపడం మర్చిపోకండి.

చంపాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ చంపితే లోపల డీమన్ పాయింట్లు పెరుగుతాయి, మీ నుదుట ఉన్న ఇనప ముక్క కొమ్ములా పొడుగవుతుంది, ఇంకా పెరిగితే ఒళ్ళంతా రక్తంతో కనిపిస్తారు. ఎక్కడా మీటర్ చూపించరు, ఎవరూ నోటితో తిట్టరు, మొహమే చెప్తుంది. జంతువుల్ని కాపాడి పంపడం లాంటివి చేస్తే తగ్గుతుంది. ఆఫ్రికా మిషన్లలో పిల్ల సైనికులు వస్తారు, వాళ్ళని చంపితే మిషన్ అక్కడితో ఆగిపోతుంది, అక్కడ ఏ ఆయుధం పట్టుకెళ్తున్నారో ముందే చూస్కోండి.

తోడు ఎవరు

గుర్రం మొదటి నుంచీ ఉంటుంది, దాని పక్కకి వేలాడుతూ వెళ్తే దూరం నుంచి గార్డుకి ఖాళీ గుర్రం వెళ్తున్నట్టే ఉంటుంది. ఆఫ్ఘనిస్తాన్ లో తిరుగుతుంటే ఎక్కడో ఒక కుక్కపిల్ల అరుపు వినిపిస్తుంది, పని ఆపేసి వెతికి బెలూన్ కట్టి పంపండి, పెద్దయ్యాక డీ-డాగ్ అవుతుంది. దూరం నుంచే వాసన పట్టి గార్డుల్ని, ఖైదీల్ని, మందుపాతరల్ని చూపిస్తుంది, కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి తోడు లేదు. పదకొండో మిషన్ లో క్వయిట్ అనే స్నైపర్ తో పోరు, ఆమెని చంపకుండా తీసుకురండి. దూరం ఎక్కువ అనిపిస్తే సప్లై డ్రాప్ ని ఆమె ఉన్నచోటే అడగండి, పెట్టె నెత్తిన పడితే దెబ్బ బాగా తగులుతుంది. క్వయిట్ మాట్లాడదు, ఎందుకు మాట్లాడదు అన్నది ఈ కథలో అన్నిటికంటే బరువైన విషయాల్లో ఒకటి, కాబట్టి డీ-డాగ్ తోనే చివరిదాకా పోకుండా ఆమెని కూడా కొన్ని మిషన్లకి తీసుకెళ్ళండి. పరిచయం లేని మనిషి గురించి తర్వాత వచ్చే సీన్ మీకు ఏమీ అనిపించదు.

క్యాసెట్లు, మదర్ బేస్

పాత మెటల్ గేర్ ఆటల్లో అరగంట కట్‌సీన్లు ఉండేవి, ఇందులో ఆ సమాచారం మొత్తం క్యాసెట్లలో పెట్టారు. మీరు ఆడే హీరో స్నేక్ కూడా తక్కువ మాట్లాడతాడు. అందుకే క్యాసెట్లు వినకపోతే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు, విలన్ స్కల్ ఫేస్ ఏం కోరుకుంటున్నాడో తెలియదు. నా పద్ధతి ఇది: మిషన్ అవ్వగానే ఐడ్రాయిడ్ అనే చేతి పరికరంలో కొత్తగా వచ్చినవి చూస్తా, పసుపు రంగులో ఉన్నవి ముఖ్యమైనవి, అవి హెలికాప్టర్ లో కూర్చుని ఇంకే పనీ లేకుండా వింటా. మిగతావి తర్వాతి చోటుకి గుర్రం మీద పోతున్నప్పుడు. క్యాంప్ దగ్గరికి వచ్చేసరికి ఆపేయండి, లేకపోతే గార్డుల మాటలు, క్యాసెట్ మాటలు కలగాపులగం అయిపోతాయి. పది పోగేసి ఒకేసారి వింటే ఏ ముక్క ఎప్పటిదో తెలియదు. నిజ చరిత్ర కాస్త గుర్తుంటే కథ ఇంకా బాగా పడుతుంది. ఆరో మిషన్ లో ఆఫ్ఘన్ ఫైటర్లు దాచిన హనీ బీ అనే మిస్సైల్ ని తేవాలి, నిజ చరిత్రలో అమెరికా స్టింగర్ మిస్సైళ్ళు ముజాహిదీన్ చేతికి వచ్చింది 1986 లో, అది గుర్తుంటే ఈ గేమ్ చరిత్రలో ఏ సందులో తన కథని ఇరికించిందో తెలిసి ముచ్చటేస్తుంది.

ప్రతి మిషన్ మొదట్లో సీరియల్ లా పేర్లు వేస్తారు, ఎవరెవరు కనిపిస్తారో అందులోనే రాసేస్తారు. ఆశ్చర్యం కావాలంటే ఆ సమయంలో స్క్రీన్ మీద అక్షరాల వైపు చూడకండి, అంతే, వేరే మార్గం లేదు.

మదర్ బేస్ కి నాలుగైదు మిషన్లకి ఒకసారైనా వెళ్ళండి. స్నానం చేయండి, రక్తం పోతుంది, రిఫ్లెక్స్ టైమ్ కూడా పెరుగుతుంది. మీ మనుషులతో సరదాగా కుస్తీ పడితే వాళ్ళ ఉత్సాహం పెరుగుతుంది, థ్యాంక్స్ బాస్ అంటారు. కొన్ని సీన్లు అక్కడ దిగితేనే వస్తాయి. మెడికల్ ప్లాట్‌ఫాం వైపు కూడా అప్పుడప్పుడు నడవండి. ఆ తిరిగే మనుషుల పేర్లు చూడండి, వాళ్ళలో కొందరిని ఏ పోస్ట్ నుంచి ఏ రాత్రి తెచ్చారో మీకు గుర్తుంటుంది. రెండో చాప్టర్ లో 43వ మిషన్ అని ఒకటుంది, దాని గురించి ఇంకేం చెప్పను, అది ఆడేముందు మీ వాళ్ళు మీకు కాస్తయినా తెలిసి ఉండాలి.

రెండో చాప్టర్ లో దారి తప్పకుండా

31వ మిషన్ తో మొదటి చాప్టర్ అయిపోతుంది. ఆ తర్వాత లిస్ట్ చూస్తే అయోమయంగా ఉంటుంది, ఎందుకంటే పాత మిషన్లే ఎక్స్‌ట్రీమ్, సబ్‌సిస్టెన్స్, టోటల్ స్టెల్త్ అని పేర్లు పెట్టి మళ్ళీ ఇస్తారు. కథ కోసం ఆడేవాళ్ళకి అవి అక్కర్లేదు. కొత్త పేరుతో వచ్చిన మిషన్లు, పసుపు రంగు సైడ్ ఆప్స్, పసుపు క్యాసెట్లు, ఈ మూడు మాత్రం పూర్తి చేస్తూ పోండి, తర్వాతి ముక్క దానంతటదే తెరుచుకుంటుంది. మొత్తం 157 సైడ్ ఆప్స్ ఉన్నాయి, అన్నీ చేయాలని కూర్చుంటే కథ వేడి చల్లారిపోతుంది, వాటిని చివరికి పెట్టుకోండి. సబ్‌సిస్టెన్స్ మాత్రం ఒకటైనా ఆడమంటా, చేతిలో ఏమీ లేకుండా దింపుతారు, అన్నీ అక్కడే దొరికించుకోవాలి, ఇప్పటిదాకా ఏం నేర్చుకున్నారో అప్పుడు తెలుస్తుంది.

క్వయిట్ తో స్నేహం బాగా పెరిగాక 45వ మిషన్ వస్తుంది. అది అయ్యాక ఆమె మీతో రాదు, తర్వాత వచ్చిన అప్‌డేట్ వల్ల 11వ మిషన్ ని మళ్ళీ మళ్ళీ ఆడితే మాత్రం తిరిగి వస్తుంది. మీ గుంపు ఎంబ్లెం లో సీతాకోకచిలుక గుర్తు పెట్టుకుంటే ఆ మిషన్ రాకుండా ఆపొచ్చు, ఇంకా కొన్ని రోజులు ఆమెతో తిరగాలనుకునేవాళ్ళు అలా చేస్కోండి, కానీ ఎప్పటికైనా ఆ మిషన్ ఆడండి, గేమ్ మొత్తంలో అంత బాగా రాసింది ఇంకోటి లేదు అని నా నమ్మకం.

చివరగా 46. అది మొదలయ్యేముందు ఆ రోజు కాస్త టైమ్ పెట్టుకోండి, హాస్పిటల్ లో జరిగింది ఓసారి గుర్తు తెచ్చుకోండి, మధ్యలో స్కిప్ నొక్కకండి, చూసిందే కదా అనిపించినా నొక్కకండి. అయిపోగానే కొత్త క్యాసెట్లు వస్తాయి, గేమ్ అయిపోయింది కదా అని అన్‌ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు అవి వినకుండానే పోతున్నారు, వాటిలోనే చాలా జవాబులున్నాయి. ఇంకా ఆఫ్రికాలో ఎదురయ్యే పిల్లాడు ఈలై కథ మధ్యలో ఆగిపోయిందేంటి అనిపిస్తే, నిజంగానే ఆగిపోయింది, 51వ ఎపిసోడ్ గా రావాల్సిన భాగం పూర్తి కాలేదు, తయారైనంతవరకు వీడియోగా కలెక్టర్స్ ఎడిషన్ డిస్క్ లో ఇచ్చారు, 46 తర్వాత క్యాసెట్లన్నీ విన్నాక అది చూడండి, ముందు చూడకండి.